లాయర్ దగ్గరున్న మన కాగితాలు దొంగల చేతికి పోతే: అమెరికాలోని మనవాళ్లకు ఉన్న దారులు

ఆ ఉత్తరం చూడ్డానికి అచ్చం జంక్ మెయిల్‌లా ఉంటుంది. తెల్ల కవరు, ఎప్పుడూ పేరు వినని ఊరి పీఓ బాక్స్ అడ్రసు, లోపల సన్నటి అక్షరాలతో నాలుగు పేజీలు. మా ఫ్రెండ్ ఒకడు దాన్ని కిరాణా కూపన్లతో కలిపి రీసైక్లింగ్ డబ్బాలో పడేశాడు. వాళ్లావిడ అనుమానం వచ్చి బయటికి తీసింది. ఒకప్పుడు గ్రీన్ కార్డ్ పని చూసిన లా ఫర్మ్ సర్వర్లలోకి ఎవరో చొరబడ్డారట, ఫైళ్లు కాపీ చేసుకుపోయారట, అందులో ఇంటిల్లిపాదీ పేర్లూ ఉన్నాయట. వాడు అడిగిన మొదటి మాట ఇది: "ఆ లాయర్ని వదిలేసి మూడేళ్లయింది కదా, మన కాగితాలు ఇంకా వాళ్ల దగ్గర ఎందుకున్నాయి?"

ఈ ప్రశ్నను గుర్తుపెట్టుకోండి, తర్వాత చాలా పనికొస్తుంది.

బ్యాంకు కార్డు నంబర్ పోతే కొత్త కార్డు ఇస్తారు, గొడవ వదిలిపోతుంది. ఇమిగ్రేషన్ ఫైల్ అలా కాదు. పాస్‌పోర్టు ప్రతి పేజీ స్కాన్, సోషల్ సెక్యూరిటీ నంబర్, ఐ-94 (దేశంలోకి వచ్చిన రికార్డు), మూడేళ్ల టాక్స్ రిటర్నులు, జీతం స్లిప్పులు, పెళ్లి ఫొటోలు, పిల్లల బర్త్ సర్టిఫికెట్లు అన్నీ అందులోనే. మన పాత తరం పుట్టుకలు చాలావరకు పంచాయతీ రిజిస్టర్లోకి ఎక్కలేదు కాబట్టి, తెనాలిలో మేనమామ చేత, పెద్దమ్మ చేత నోటరీ దగ్గర రాయించిన అఫిడవిట్లు కూడా ఉంటాయి. అమ్మ పుట్టింటి పేరుతో సహా. ఇవేవీ మార్చుకోగలిగినవి కావు.

ఈ వ్యాసం ముఖ్యంగా అమెరికాలో ఉన్నవాళ్ల కోసం. రాష్ట్రాన్ని బట్టి చట్టం మారుతుంది కాబట్టి, ఇది చదివాక మీ రాష్ట్రంలోని లాయర్‌తో ఒకసారి మాట్లాడాల్సిందే. కాకపోతే ఏం అడగాలో తెలిసి వెళ్తారు.

మొదటి పని: ఉత్తరాన్ని కాగితం ముక్కలా కాదు, సాక్ష్యంలా చూడండి

కవరుతో సహా దాచండి. పోస్టల్ ముద్ర మీద ఉన్న తేదీ తర్వాత అవసరం పడొచ్చు. రెండువైపులా ఫొటో తీసి ఈమెయిల్లో పెట్టుకోండి.

తర్వాత మూడు తేదీలు వెతకండి: చొరబాటు జరిగిన రోజు, ఫర్మ్ దాన్ని కనిపెట్టిన రోజు, మీకు ఉత్తరం రాసిన రోజు. వీటి మధ్య ఎడం ఎంతుందన్నది కోర్టులో వాదనకు పనికొచ్చే విషయం. ఇలాంటి నోటీసు పంపాలన్న చట్టం 50 రాష్ట్రాల్లోనూ ఉంది. ఫ్లోరిడాలో 30 రోజుల్లో, టెక్సస్‌లో 60 రోజుల్లో బాధితులకు చెప్పాలి. గడువు లెక్క రాష్ట్రాన్ని బట్టి, అందులోని మినహాయింపులను బట్టి మారుతుంది. ఆలస్యమైనంత మాత్రాన మీ చేతికి డబ్బులు రావు గానీ, కేసుకు బలం చేకూరుతుంది.

ఏయే వివరాలు పోయాయో చెప్పే వాక్యం ఒకటే ఉంటుంది, అదీ మధ్యలో ఎక్కడో. "మీ పేరు, సోషల్ సెక్యూరిటీ నంబర్, పాస్‌పోర్టు నంబర్" అన్నట్టు. ఒకే ఇంట్లో భార్యకూ భర్తకూ వేరువేరుగా ఉండొచ్చు. పిల్లల పేరు మీద విడిగా ఉత్తరం వస్తే, అది వాళ్లదే కదా అని పక్కన పెట్టకండి.

ఇక ఉత్తరం అసలైనదేనా అన్న అనుమానం. మంచి అనుమానమే, ఎందుకంటే డేటా దొంగిలించినవాళ్లే ఇలాంటి ఉత్తరాలూ పంపగలరు. మెయిన్, కాలిఫోర్నియా రాష్ట్రాల అటార్నీ జనరల్ (రాష్ట్ర ప్రభుత్వ ప్రధాన న్యాయాధికారి) వెబ్‌సైట్లలో కంపెనీలు దాఖలు చేసిన నోటీసులు బహిరంగంగా ఉంటాయి. ఫర్మ్ పేరు పెట్టి వెతికి, అక్కడి నమూనా ఉత్తరంతో మీది పోల్చి చూడండి. ఉత్తరంలోని లింకు నొక్కకుండా, ఫర్మ్ వెబ్‌సైట్ మీరే తెరిచి అక్కడున్న నంబరుకు ఫోన్ చేయండి.

రెండో పని: మీరు ఆ ఫర్మ్‌కు క్లయింటా, లేక ఫైల్లో ఒక పేరు మాత్రమేనా?

నన్నడిగితే మొత్తం వ్యవహారంలో కీలకం ఇదే. లాయర్ తన క్లయింటుకు బాకీపడే బాధ్యత వేరు, తన బీరువాలో కాగితాలున్న మూడో మనిషికి బాకీపడేది వేరు. మనవాళ్లలో చాలామంది "మా లాయర్, మా లాయర్" అంటుంటారు. తీరా చూస్తే ఆ లాయర్ కంపెనీ లాయర్ అయి ఉంటాడు.

తెలుసుకోడానికి సులువైన మార్గం జి-28 ఫారం. లాయర్ ఎవరి తరఫున నిలబడుతున్నాడో ఇమిగ్రేషన్ శాఖకు చెప్పే కాగితం అది. హెచ్-1బి ఉద్యోగ వీసా పిటిషన్, గ్రీన్ కార్డ్ కోసమైన ఐ-140 పిటిషన్ వేసేది కంపెనీ. అక్కడ సంతకం కంపెనీది. గ్రీన్ కార్డ్‌కు చివర్లో వేసే ఐ-485 మాత్రం మీ సొంత దరఖాస్తు, దాని జి-28 మీద సంతకం మీదే. హెచ్-1బి వాళ్ల కుటుంబానికిచ్చే హెచ్-4 మీద ఉన్న భార్య లేదా భర్త, ఉద్యోగం చేసుకునే అనుమతి (ఈఏడీ) కోసం వేసిన ఐ-765 కూడా అంతే. మీ సంతకంతో ఒక్క జి-28 అయినా దొరికితే, ఆ పని మటుకు మీరు క్లయింటు అనడానికి అది గట్టి ఆధారం. పనికి కుదుర్చుకున్నప్పుడు సంతకం పెట్టిన ఒప్పంద పత్రం ఉంటే అదీ బయటికి తీయండి. ఇద్దరి తరఫునా ఒకే ఫర్మ్ పనిచేయడం ఇమిగ్రేషన్‌లో మామూలే. దాని గురించి ఆ పత్రంలోనే ఒక పేరా ఉంటుంది.

ఫైల్లో పేరు మాత్రమే ఉన్నవాళ్ల సంగతి ఎలా ఉంటుందో జరిగిన కేసుల్లోనే కనిపిస్తుంది. 2020లో గూగుల్‌లో పనిచేస్తున్న, గతంలో పనిచేసిన కొందరి ఐ-9 వివరాలున్న ఫైల్ బయటివాళ్ల కంటపడిందని ఇమిగ్రేషన్ సంస్థ ఫ్రాగోమెన్ వెల్లడించింది. ఐ-9 అంటే ఉద్యోగంలో చేరిన రోజుల్లో కంపెనీ నింపించే ఫారం. అంటే క్లయింటు కంపెనీ, పోయిన వివరాలు ఉద్యోగులవి. న్యూయార్క్‌లో ఆసుపత్రుల తరఫున వాదించే హైడెల్ పిటోని మర్ఫీ అండ్ బాక్ అనే ఫర్మ్‌లో 2021లో దాడి జరిగితే, పోయింది లక్షకు పైగా రోగుల వివరాలు. వాళ్లలో ఎవరూ ఆ ఫర్మ్‌ను పెట్టుకున్నవాళ్లు కారు, కొందరైతే దాని క్లయింట్ల మీదే కేసు వేసినవాళ్లు.

అన్నిటికన్నా విడ్డూరం ఓరిక్ సంస్థది. డేటా చోరీ జరిగిన కంపెనీలకు సలహా ఇవ్వడం దాని వ్యాపారాల్లో ఒకటి. ఆ పనికోసం తెచ్చుకున్న బాధితుల జాబితాలే 2023 ఫిబ్రవరి, మార్చి మధ్య జరిగిన చొరబాటులో పోయాయి. లెక్క చివరికి 6,37,620 మందికి చేరింది. కళ్లద్దాల ఇన్సూరెన్స్, పళ్ల ఇన్సూరెన్స్ తీసుకున్న మామూలు జనం వాళ్లు. ఒకసారి డేటా పోగొట్టుకున్నందుకే రెండోసారీ పోగొట్టుకున్నారన్నమాట.

ఇలాంటివాళ్లకు దారి లేదని కాదు. నిర్లక్ష్యం కింద, రాష్ట్ర వినియోగదారుల చట్టాల కింద కేసు వేయొచ్చు. క్లయింటుకైతే వీటికి తోడు మాల్‌ప్రాక్టీస్ (లాయర్ తన వృత్తిలో చేసిన తప్పు), నమ్మకద్రోహం, ఒప్పంద ఉల్లంఘన అనే మూడు దారులు తెరుచుకుంటాయి.

మూడో పని: తాళాలు వేయండి, వేసిన రుజువు దాచండి

ఇది జాగ్రత్త కోసమే కాదు, కేసు కోసం కూడా. నష్టం పెరగకుండా మీవంతు ప్రయత్నం చేశారా అని ఎదుటి లాయర్ తప్పకుండా అడుగుతాడు.

మన అప్పుల చరిత్ర రాసిపెట్టే ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, ట్రాన్స్‌యూనియన్ సంస్థలు మూడింటిలోనూ క్రెడిట్ ఫ్రీజ్ పెట్టండి, అంటే మీ పేరు మీద కొత్త అప్పు పుట్టకుండా వేసే తాళం. 2018 సెప్టెంబరు నుంచి ఫెడరల్ చట్టం ప్రకారం ఇది ఉచితం. ఆన్‌లైన్‌లోనో ఫోన్లోనో అడిగితే ఒక పని రోజులోగా పెట్టాలి, తీసేయమంటే గంటలోగా తీయాలి. ఇల్లు కొనే ముందు, కారు లోన్ ముందు తీసి మళ్లీ పెట్టుకోవచ్చు. నెలనెలా డబ్బు కట్టే "క్రెడిట్ లాక్" వేరే సరుకు, దాని మాయలో పడకండి.

పిల్లల విషయం ఎక్కువమంది మర్చిపోతారు. అమెరికాలో పుట్టిన పాపకు సోషల్ సెక్యూరిటీ నంబర్ ఉంటుంది, క్రెడిట్ చరిత్ర ఉండదు. దొంగకు అంతకన్నా శుభ్రమైన పలక ఏముంటుంది? ఆ పాపకు పద్దెనిమిదేళ్లొచ్చి కాలేజీ లోన్‌కు వెళ్లేదాకా బయటపడదు. 16 ఏళ్లలోపు పిల్లలకు తల్లిదండ్రులు ఉచితంగా ఫ్రీజ్ పెట్టొచ్చు. సాధారణంగా పోస్టులో పంపాలి: పాప బర్త్ సర్టిఫికెట్ కాపీ, సోషల్ సెక్యూరిటీ కార్డు కాపీ, మీ డ్రైవింగ్ లైసెన్సు, అడ్రసు రుజువు, మూడు సంస్థలకూ మూడు సెట్లు. ఒక శనివారం పొద్దున కూర్చుంటే అయిపోయే పని.

టాక్స్ శాఖ ఐఆర్‌ఎస్ వెబ్‌సైట్లో ఐపీ పిన్ తీసుకోండి. ఏటా మారే ఆరంకెల నంబరు అది, లేకుండా మీ పేరు మీద ఎవరూ ఎలక్ట్రానిక్ రిటర్ను వేయలేరు. ఐటిన్ (సోషల్ సెక్యూరిటీ నంబర్ లేనివాళ్ల టాక్స్ నంబరు) ఉన్నవాళ్లకూ ఇస్తారు. ఇప్పటికే ఎవరో మీ రిటర్ను వేసేశారని తెలిస్తే 14039 ఫారం దాఖలు చేయాలి. ఉద్యోగార్హత సరిచూసే ప్రభుత్వ సైటు మై ఈ-వెరిఫై ఖాతాలో సెల్ఫ్ లాక్ అని ఒకటుంది, మీ నంబరుతో ఇంకెవరూ ఉద్యోగంలో చేరకుండా ఆపుతుంది. ఉద్యోగం మారేటప్పుడు దాన్ని తీయడం మర్చిపోతే కొత్త కంపెనీలో మిస్‌మ్యాచ్ వచ్చి లేనిపోని టెన్షన్.

ఫర్మ్ ఇచ్చే ఉచిత క్రెడిట్ మానిటరింగ్ (మీ పేరు మీద కొత్త అప్పు పుడితే చెప్పే సేవ) తీసుకోవచ్చా? తీసుకోండి. అది తీసుకుంటే కేసు వేసే హక్కు పోతుందని వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంటుంది. మామూలుగా అలాంటి షరతు ఉండదు. అయినా నమోదయ్యే ముందు నిబంధనలు చదివి, పీడీఎఫ్‌గా దాచుకోండి. మధ్యవర్తిత్వపు షరతు (గొడవను కోర్టుకు పోకుండా మధ్యవర్తి దగ్గరే తేల్చుకోవాలన్నది) ఏదైనా ఉంటే అది మానిటరింగ్ కంపెనీతో గొడవలకు మాత్రమేనా, ఇంకా పెద్దదా అని చూడండి.

అసలు మోసం మొదలైపోతే, అంటే మీ పేరు మీద కార్డో లోనో పుడితే, ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నడిపే ఐడెంటిటీ థెఫ్ట్ డాట్ గవ్‌లో రిపోర్టు తయారుచేయండి. బ్యాంకులు, క్రెడిట్ సంస్థలు కోరే అధికారిక కాగితం అదే.

నాలుగో పని: ఒక నోట్‌బుక్ పెట్టండి

చాలామంది దీన్ని తేలిగ్గా తీసుకుంటారు. తర్వాత డబ్బు తెచ్చిపెట్టేది ఇదే.

2021లో అమెరికా సుప్రీంకోర్టు ట్రాన్స్‌యూనియన్ వర్సెస్ రామిరెజ్ కేసులో ఒక గీత గీసింది. 8,185 మంది క్రెడిట్ ఫైళ్లలో వాళ్లు తీవ్రవాదుల జాబితాలోని పేర్లతో కలుస్తున్నారని తప్పుగా రాసి ఉంది. అందులో 1,853 మంది రిపోర్టులు బయటి సంస్థలకు వెళ్లాయి. కోర్టు వాళ్ల నష్టాన్నే గుర్తించింది, మిగతా 6,332 మందికి నష్టపరిహారం అడిగే అర్హత లేదంది. ముందు ముందు ఏదో జరుగుతుందేమోనన్న భయం ఒక్కటే ఫెడరల్ కోర్టులో డబ్బు అడగడానికి చాలదు. ఆ దెబ్బకు డేటా చోరీ కేసులు కొన్ని మొదట్లోనే పడిపోయాయి, కొన్ని రాష్ట్ర కోర్టులకు మళ్లాయి. దొంగిలించిన డేటా డార్క్ వెబ్‌లో (దొంగ సరుకు అమ్మే ఇంటర్నెట్ చీకటి మూలలో) కనిపించడం, ఎవరో మీ పేరుతో ఖాతా తెరవడానికి ప్రయత్నించడం, మీరు చేసిన ఖర్చు లాంటివి ఉంటే కేసు నిలబడే అవకాశం బాగా పెరుగుతుంది.

నోట్‌బుక్‌లో ఇలా రాసుకోవచ్చు: "మార్చి 4, మంగళవారం. ఈక్విఫాక్స్‌కు ఫోన్, 50 నిమిషాలు. పిల్లల ఫ్రీజ్ గురించి. మార్చి 8, పోస్టాఫీసు, సర్టిఫైడ్ మెయిల్ మూడు కవర్లు, రసీదు అతికించాను. మార్చి 19, తెలియని బ్యాంకు నుంచి కార్డు దరఖాస్తు తిరస్కరించామని ఉత్తరం. నేను దరఖాస్తు చేయలేదు." తేదీ, సమయం, ఎవరితో మాట్లాడారో, ఎంత ఖర్చో రాస్తే చాలు. నిద్ర పట్టక డాక్టర్ దగ్గరికి వెళ్తే అదీ రాయండి.

ఓరిక్ కేసు 80 లక్షల డాలర్లకు రాజీ అయినప్పుడు, రుజువున్న మామూలు ఖర్చులకు 2,500 డాలర్ల దాకా, మోసం వల్ల కలిగిన పెద్ద నష్టాలకు 7,500 దాకా, పోయిన సమయానికి గంటకు 25 చొప్పున ఐదు గంటల దాకా అడిగే వీలు కల్పించారు. రసీదు లేనివాళ్లకు మిగిలింది 75 డాలర్లు, అదీ క్లెయిమ్‌ల సంఖ్యను బట్టి మారే అంకె.

ఐదో పని: ఫర్మ్‌కు మీరే ఒక ఉత్తరం రాయండి

కోపంగా కాదు, పొడిపొడిగా. నాలుగు సంగతులు అడగండి: నా ఫైల్లో ఉన్న ఏయే పత్రాలు కాపీ అయ్యాయి, నా పని ముగిశాక ఫైల్ ఎన్నాళ్లు ఉంచాలని మీ నియమం, నా ఫైల్ పూర్తి కాపీ నాకివ్వండి, ఈ సంఘటనకు సంబంధించిన రికార్డులేవీ చెరిపేయకండి. సర్టిఫైడ్ మెయిల్‌లో పంపండి.

ఇక్కడే మా వాడి ప్రశ్న పనికొస్తుంది. ఒప్పంద పత్రంలో ఫైల్‌ను ఇన్నేళ్లు ఉంచి తర్వాత నాశనం చేస్తామని రాసి ఉండొచ్చు. ఆ గడువు దాటాక కూడా సర్వర్లో ఉండగా పోయిందంటే, లాయర్‌కు చూపించాల్సిన మొదటి కాగితం అదే. ఇప్పుడే అన్నీ చెరిపేయమని మాత్రం అడగకండి. కేసు నడిచేటప్పుడు మీకూ అవే కావాలి.

లాయర్ల సంఘమైన అమెరికన్ బార్ అసోసియేషన్ 2018లో ఇచ్చిన 483వ అభిప్రాయం ప్రకారం, ప్రస్తుత క్లయింటు ముఖ్యమైన సమాచారం పోతే లాయర్ వాళ్లకు చెప్పి తీరాలి. పాత క్లయింట్లకు చెప్పడం నైతిక నియమాల కింద తప్పనిసరని మాత్రం ఆ అభిప్రాయం అనలేదు. రాష్ట్ర నోటీసు చట్టాలు ఎలాగూ ఉన్నాయనుకోండి, అయినా ఇదో పెద్ద కంత. మీ కేసు ఇంకా ఆ ఫర్మ్ చేతిలోనే నడుస్తుంటే ఆవేశంలో లాయర్ని మార్చేయకండి. ముందు రసీదు నోటీసులు, ఐ-797లు (ఇమిగ్రేషన్ శాఖ పంపే నోటీసులు), దాఖలు చేసిన ప్రతి ఫారం కాపీ చేతికి తెచ్చుకుని, ఆ తర్వాత కొత్త లాయర్‌తో కొత్త జి-28 వేయించండి.

ఆరో పని: దారి ఎంచుకోండి

క్లాస్ యాక్షన్, అంటే బాధితులందరి తరఫునా కలిపి నడిచే ఒకే కేసు. పెద్ద చోరీ అయితే నోటీసు బయటికొచ్చిన కొద్ది రోజులకే కేసులు పడిపోతాయి, తర్వాత అన్నీ కలిపి ఒకటి చేస్తారు. మీరు ఎక్కడా సంతకం పెట్టక్కర్లేదు, కేసులో చెప్పిన బాధితుల నిర్వచనంలో ఇమిడితే మీరు అందులో ఉన్నట్టే. గెలుపుతో ముగిసేవి తక్కువ, రాజీతో ముగిసేవి ఎక్కువ. అందరూ పడే గుంట ఒకటుంది: రాజీ నోటీసు వచ్చినప్పుడు ఏమీ చేయకుండా ఊరుకుంటే డబ్బూ రాదు, విడిగా కేసు వేసే హక్కూ పోతుంది. రెండిందాలా నష్టం. మీ నష్టం చిన్నదైతే క్లెయిమ్ ఫారం నింపండి. పెద్దదైతే, అంటే ఇంటి మీద దొంగ లోన్ లాంటిది జరిగితే, గడువులోగా రాతపూర్వకంగా బయటికి వచ్చేయండి. రాజీ బాగోలేదనిపిస్తే లోపలే ఉండి జడ్జికి అభ్యంతరం రాయొచ్చు. లాయర్ల ఫీజు సాధారణంగా మొత్తం నిధిలో నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకా పోతుంది, మీ జేబులోంచి ఏమీ కట్టనక్కర్లేదు.

రాజీ పేరుతో వచ్చే ఈమెయిళ్లలో దొంగవీ ఉంటాయి. నిజమైన రాజీకి కోర్టు పేరు, కేసు నంబరు ఉంటాయి. పేసర్ అనే ఫెడరల్ కోర్టుల సైట్లో ఆ నంబరు చూసుకోవచ్చు. మూడు నెలల్లో 30 డాలర్లు దాటకపోతే ఫీజు వసూలు చేయరు. క్లెయిమ్ వేయడానికి డబ్బు కట్టమంటే అది మోసమే.

సొంత కేసు. క్లయింటు అయి, చెప్పుకోదగ్గ నష్టం ఉన్నవాళ్లకు. దీనికి చూడాల్సిన కేసు గువో వెన్‌గుయ్ అనే చైనా వ్యాపారి క్లార్క్ హిల్ సంస్థ మీద వాషింగ్టన్ డీసీ ఫెడరల్ కోర్టులో వేసినది. ఆశ్రయం కోసం ఇచ్చిన కాగితాలు 2017లో హ్యాకర్ల చేతికి పోయి ఇంటర్నెట్‌లోకెక్కాయి. తన మీద దాడి జరుగుతుందని ఆయన ముందే హెచ్చరించాడని వాదన. కోర్టు మాల్‌ప్రాక్టీస్ ఆరోపణను ముందుకు సాగనిచ్చింది. 2021లో ఇంకో మంచి పని చేసింది: దాడి మీద బయటి నిపుణులు రాసిన నివేదికను లాయర్ల రహస్యం పేరుతో దాచడం కుదరదు, ఇచ్చేయమంది. ఆ నివేదిక లేకుండా "జాగ్రత్తలు సరిగ్గా లేవు" అని రుజువు చేయడం తల ప్రాణం తోకకొచ్చే పని. ఇలాంటి కేసుకు లా ఫర్మ్‌ల మీద కేసులు వేయడం అలవాటున్న మాల్‌ప్రాక్టీస్ లాయర్ కావాలి, ఇమిగ్రేషన్ లాయర్ కాదు. మీ ఒప్పందంలో మధ్యవర్తిత్వం షరతు ఉందేమో మొదటి మీటింగులోనే చూపించండి.

కాలిఫోర్నియా నివాసులకు అదనంగా ఒక ఆయుధం ఉంది. అక్కడి గోప్యతా చట్టం కింద, ఎన్‌క్రిప్ట్ చేయని (రహస్య సంకేతాల్లోకి మార్చని) వివరాలు తగిన భద్రత లేక పోతే, నష్టం రుజువు చేయకుండానే ఒక్కొక్కరికి చట్టం నిర్ణయించిన మొత్తం అడగొచ్చు. మొదట 100 నుంచి 750 డాలర్లుండేది, 2025 నుంచి 107 నుంచి 799 అయింది. ముందు 30 రోజుల నోటీసు ఇవ్వాలి. ఆ చట్టం పరిధిలోకి పెద్ద ఆదాయమున్న సంస్థలే ఎక్కువగా వస్తాయి, ఇద్దరు లాయర్ల చిన్న ఆఫీసుకు ఇది తగలకపోవచ్చు.

చిన్న మొత్తాలకు స్మాల్ క్లెయిమ్స్ కోర్టు ఉంది. కాలిఫోర్నియాలో వ్యక్తులకు 12,500 డాలర్ల దాకా, టెక్సస్‌లో 20,000 దాకా. నోట్‌బుక్, రసీదులు పట్టుకుని మీరే వెళ్లొచ్చు. ఎప్పుడు పనికొస్తుందంటే, ఫర్మ్ చిన్నదై, క్లాస్ యాక్షన్ ఏదీ లేనప్పుడు.

ఫిర్యాదులు. లాయర్ల నడవడి చూసే రాష్ట్ర బార్‌కు, అటార్నీ జనరల్‌కు రాయొచ్చు. మీకు డబ్బు రాదు. అయినా ఊరికే పోదు: పైన చెప్పిన హైడెల్ ఫర్మ్ మీద న్యూయార్క్ అటార్నీ జనరల్ 2023లో 2,00,000 డాలర్ల జరిమానా వేయించింది. మైక్రోసాఫ్ట్ ఎప్పుడో విడుదల చేసిన ప్యాచ్ (లోపాన్ని సరిచేసే అప్‌డేట్) వేసుకోకపోవడమే కారణాల్లో ఒకటి. అలాంటి విచారణలో బయటపడిన సంగతులు మీ లాయర్‌కు పనికొస్తాయి. బార్ దగ్గరుండే క్లయింట్ల పరిహార నిధి మాత్రం లాయరే డబ్బు కాజేసిన కేసులకు, హ్యాకింగ్‌కు కాదు.

ఏడో పని: గడువు లెక్క

మాల్‌ప్రాక్టీస్ గడువు కాలిఫోర్నియాలో మీకు తెలిసిన రోజు నుంచి ఒక్క ఏడాదే. న్యూయార్క్‌లో మూడేళ్లు, టెక్సస్‌లో రెండేళ్లు, న్యూజెర్సీలో ఆరేళ్లు. ఉత్తరం అందిన రోజే "తెలిసిన రోజు" అని ఎదుటివాళ్లు వాదిస్తారని అనుకునే లెక్కేసుకోండి. క్లాస్ యాక్షన్ నడుస్తున్నంత సేపు వ్యక్తిగత కేసుల గడువు ఆగుతుందని 1974 నాటి అమెరికన్ పైప్ తీర్పు చెబుతుంది గానీ, అన్ని రాష్ట్రాల ఆరోపణలకూ అది ఒకేలా వర్తించదు. దాని మీద భారం వేసి కూర్చోకండి.

వీసా భయం

"హెచ్-1బి మీద ఉండి కేసు వేస్తే ఏమవుతుందో" అని గొంతు తగ్గించి అడుగుతారు. సివిల్ కేసు వేసే హక్కు పౌరులకు మాత్రమే పరిమితం కాదు. రాజీ డబ్బు ప్రభుత్వ సాయం కాదు, కాబట్టి పబ్లిక్ ఛార్జ్ (ప్రభుత్వ సాయం మీద ఆధారపడతారేమోనన్న) ప్రశ్న రాదు. అసలు జాగ్రత్త పడాల్సింది వేరేచోట: క్లాస్ యాక్షన్‌లో ముందు నిలబడే ప్రతినిధి పేరు కోర్టు రికార్డులో అందరికీ కనిపిస్తుంది, మామూలు సభ్యుల పేర్లు కనిపించవు. ఫర్మ్ మీ కంపెనీ పెట్టుకున్నదైతే, ప్రతినిధిగా ఉండమని ఎవరైనా అడిగినప్పుడు ఇది ఆలోచించుకోండి. మామూలు క్లెయిమ్ వేయడానికి మాత్రం వెనకాడనక్కర్లేదు.

మధ్యలో ఇండియా వచ్చేస్తే క్లెయిమ్‌లు చూసే సంస్థకు అడ్రసు మార్పు రాయండి. డాలర్ చెక్కును ఇండియా బ్యాంకులో మార్చుకోవడం పెద్ద తతంగం, ఫారంలో ఆన్‌లైన్ చెల్లింపు ఉంటే అదే టిక్ చేయండి.

ఇండియా వైపు

ఇండియాలోని లాయర్ ఆఫీసు నుంచి కాగితాలు పోతే వినియోగదారుల కోర్టు దారి మూసుకుపోయింది. లాయర్ల సేవ ఆ చట్టం కిందికి రాదని 2024 మే 14న సుప్రీంకోర్టు చెప్పింది. బార్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయొచ్చు. ఐటీ చట్టం 43ఏ సెక్షన్ కింద రాష్ట్ర ఐటీ కార్యదర్శి దగ్గర 5 కోట్ల రూపాయల దాకా పరిహారం అడగొచ్చు. 2023 నాటి డేటా రక్షణ చట్టం పూర్తిగా అమల్లోకి వచ్చాక ఈ సెక్షన్ పోతుంది. కొత్త చట్టంలో జరిమానా 250 కోట్ల దాకా ఉంది, కానీ ఆ డబ్బు వెళ్లేది ప్రభుత్వ ఖజానాకు. బాధితుడికి పైసా రాదు. ఇది నాకు మింగుడుపడని మార్పు.

అమెరికా ఫర్మ్‌లో పోయిన ఫైల్లో అఫిడవిట్లు ఉంటే, వాటి మీద సంతకాలు పెట్టిన పెద్దవాళ్లకు ఫోన్ చేసి చెప్పండి. "మీ అబ్బాయి గ్రీన్ కార్డ్ ఆగిపోయింది, వెంటనే డబ్బు పంపండి" అని ఎవరైనా మీ పుట్టిన తేదీ, పాస్‌పోర్టు నంబరుతో సహా చెబితే వాళ్లు నమ్మేస్తారు. ఆధార్ బయోమెట్రిక్ లాక్ పెట్టించండి, మోసం జరిగితే 1930కి ఫోన్ చేయమని చెప్పండి. మా ఫ్రెండ్ తెనాలికి ఫోన్ చేసి ఇదంతా వివరిస్తే, మేనమామ ఓపిగ్గా విని చివర్లో ఒకటే అడిగాడట: "ఆ రోజు నోటరీ వాడికి నేనిచ్చిన రెండొందలు కూడా ఆ ఫారంలో రాస్తావేంట్రా?"